హెడ్‌లైట్లకు ఎక్కువ వెలుగిచ్చే బల్బులు: కొనే ముందు చూసుకోవాల్సినవి

మా అమ్మాయికి పదహారు నిండాయి. లైసెన్సు వచ్చింది. నేను అమెరికా వచ్చిన కొత్తలో కొన్న 2010 క్యామ్రీ ఇప్పుడు తనదైంది. మేముండే నార్త్ కరోలినాలో కొత్త లైసెన్సు పిల్లలు రాత్రి తొమ్మిది దాటాక ఒంటరిగా నడపకూడదు. అందుకని రాత్రి డ్రైవింగ్ గురించి నేను పెద్దగా ఆలోచించలేదు. కానీ నవంబర్ మొదటి ఆదివారం గడియారం వెనక్కి తిప్పాక ఇక్కడ సాయంత్రం ఐదుంబావుకే సూర్యుడు అస్తమిస్తాడు. డాన్సు క్లాసు ఏడున్నరకి అయిపోతే, ఇంటికొచ్చేది కటిక చీకట్లోనే.

"నాన్నా, రాత్రి ఈ కార్లో ఏమీ కనబడట్లేదు. మనిషో జింకో అడ్డొస్తే అంతే" అంది ఒక రోజు. ఏ తండ్రి ఊరుకుంటాడు? ఆ రాత్రే ఆన్‌లైన్‌లో వెతికి, "20,000 ల్యూమెన్లు, 6000 కెల్విన్, నాలుగు రెట్లు వెలుగు" అని రాసి ఉన్న ఎల్ఈడీ బల్బుల జత ఒకటి ఆర్డర్ చేశాను. రెండో రోజుకి వచ్చాయి. అరగంటలో బిగించాను. గరాజ్ గోడ మీద పట్టపగల్లా వెలిగాయి. చాలా సంతోషమేసింది.

ఆ సంతోషం సరిగ్గా రెండు రోజులు నిలిచింది. నేను క్యామ్రీలో కూరగాయలు తేవడానికి బయల్దేరాను. మా ఆవిడ వ్యాన్‌లో అమ్మాయిని క్లాసు నుంచి తీసుకుని ఎదురొస్తోంది. మా కాలనీకి వెళ్ళే రోడ్డు రెండు లేన్లది. వీధి దీపాలు లేవు, కాలిబాట లేదు. వ్యాన్ ఒక్కసారిగా పక్కకి ఊగి ఆగింది. నేనూ ఆపి పరుగెత్తాను. రోడ్డు అంచున ముదురు రంగు స్వెట్టర్ వేసుకున్న పెద్దాయన ఒకరు నిలబడిపోయి ఉన్నారు. మా పక్క వీధి వాళ్ళ నాన్నగారు. కొడుకు దగ్గర ఆరు నెలలు ఉండడానికి ఖమ్మం నుంచి వచ్చారు.

"అంకుల్, మీకేం కాలేదు కదా?" అంటున్న మా ఆవిడ గొంతు వణుకుతోంది.

"ఏం కాలేదమ్మా. ఆ ఎదురు లైట్లకి నాకే కళ్ళు బైర్లు కమ్మాయి. నీకెట్లా కనపడతాను?" అన్నారాయన.

మా ఆవిడ నా వైపు తిరిగి, "ఎవరో హై బీమ్ వేసుకుని వస్తున్నాడని తిట్టుకుంటున్నా. చూస్తే మీరే" అంది.

నేను వేసుకున్నది లో బీమే. ఆ రాత్రే ఎల్ఈడీలు పీకేశాను. తర్వాత కొన్ని వారాలు ఈ విషయం మీదే కూర్చున్నాను. మన ఇళ్ళలో చాలామందికి ఇలాంటి పాత కారు ఒకటి ఉంటుంది, పిల్లలకో కొత్తగా వచ్చిన తమ్ముడికో ఇచ్చేది. మీకు పనికొస్తుందని నేను తెలుసుకున్నది రాస్తున్నాను.

వెలుగు ఎంతన్నది కాదు, ఎక్కడ పడుతుందన్నది

మా తాతయ్య దగ్గర మూడు సెల్లుల బ్యాటరీ లైటు ఉండేది. దాని తల తిప్పితే వెలుగు చిన్న చుక్కగా మారి కొబ్బరిచెట్టు మొవ్వు దాకా వెళ్ళేది. వెనక్కి తిప్పితే ముందంతా పరుచుకుని పదడుగులు దాటేది కాదు. బల్బు అదే, సెల్లులూ అవే. మారిందల్లా బల్బుకీ వెనకున్న అద్దానికీ మధ్య దూరం, అదీ నాలుగైదు మిల్లీమీటర్లు.

కారు హెడ్‌లైటూ అంతే. మా క్యామ్రీ లో బీమ్‌లో ఉండేది హెచ్11 రకం హాలోజెన్ బల్బు. 55 వాట్లు, సుమారు 1,350 ల్యూమెన్లు. అందులో వెలిగేది సన్నటి తీగ చుట్ట, దాన్నే ఫిలమెంట్ అంటాం. అది అన్ని వైపులకీ వెలుగు చిమ్ముతుంది. సరిగ్గా ఆ కొలత తీగ సరిగ్గా ఆ చోట ఉంటుందన్న లెక్కతోనే చుట్టూ రిఫ్లెక్టర్ వంపులు తయారుచేస్తారు. రోడ్డు మీదికి ఎంత వెళ్ళాలి, ఎదుటివాడి కళ్ళకి ఎంత మించకూడదు అన్నది ఆ వంపుల్లోనే ఉంది.

ఎల్ఈడీ బల్బులో తీగ ఉండదు. పలుచటి రేకుకి రెండు పక్కలా చిన్న చిన్న చిప్పులు అంటించి ఉంటాయి. వెలుగు రెండు వైపులకే ఎక్కువగా వెళుతుంది. చిప్పుల కొలత, అవి ఉండే చోటు తీగతో అచ్చంగా కలవవు. కాబట్టి రిఫ్లెక్టర్ ఆ వెలుగుని ఎక్కడ పడితే అక్కడ చల్లుతుంది. కొంత పైకి, అంటే ఎదుటివాళ్ళ కళ్ళలోకి పోతుంది. ఎక్కువ భాగం కారు ముందు ముప్ఫై నలభై అడుగుల్లోనే పడుతుంది.

ఇక్కడే మనం మోసపోతాం. కారు ముందు నేల తెల్లగా మెరుస్తుంటే "అబ్బ, ఎంత బాగా కనబడుతోందో" అనిపిస్తుంది. కానీ దగ్గరి వెలుగుకి కంటిపాప ముడుచుకుంటుంది. దాంతో దూరంగా చీకట్లో ఉన్న మనిషి ఇంకా కనబడకుండా పోతాడు. గరాజ్ గోడ మీద చూసి నేను మురిసిపోయింది ఈ మోసానికే.

డబ్బా మీద అంకెలు ఏం చెబుతాయి?

ల్యూమెన్లు: బల్బు అన్ని వైపులా కలిపి ఇచ్చే వెలుగు. హాలోజెన్‌లో ఒక్కో రకానికి ఒక్కో లెక్క ఉంది. హెచ్11 సుమారు 1,350, హెచ్7 సుమారు 1,500, 9006 సుమారు 1,000, హై బీమ్‌కి వాడే 9005 సుమారు 1,700. ఏ కంపెనీదైనా కొంచెం అటూ ఇటూగా ఇంతే ఉండాలి. కాబట్టి ఎవరైనా 20,000 అని రాస్తే ముందు నమ్మకండి.

కెల్విన్: ఇది వెలుగు రంగు, బలం కాదు. మామూలు హాలోజెన్ 3,000 దాటి కొంచెం ఉంటుంది, పసుపు కలిసిన తెలుపు. 6,000 అంటే నీలం కలిసిన తెలుపు. చాలామంది ఆ తెలుపునే ఎక్కువ వెలుగు అనుకుంటారు. నీలి పూత ఉన్న హాలోజెన్ బల్బుల్లో ఆ పూత కొంత వెలుగుని ఆపేస్తుంది. ఆ లోటు పూడ్చడానికి తీగని ఎక్కువ వేడి మీద మండిస్తారు, దాంతో బల్బు త్వరగా పోతుంది. డబ్బులు ఎక్కువ, వెలుగు తక్కువ, ఆయుష్షు తక్కువ. రాత్రి చూపు కోసమైతే నీలం బల్బు వద్దు.

"130 శాతం ఎక్కువ" లాంటి మాటలు: మంచి కంపెనీల బల్బుల మీదా ఇవి ఉంటాయి. అబద్ధం కాదు కానీ అర్థం వేరు. రోడ్డు మీద ఒకానొక చోట పడే వెలుగుని చట్టం అడిగే కనీస వెలుగుతో పోల్చి ఆ అంకె వేస్తారు. మొత్తం వెలుగు రెండింతలు అయిందని కాదు. ఈ రకం బల్బుల్లో తీగ సన్నగా, బిగువుగా చుట్టి ఉంటుంది కాబట్టి వెలుగు ఒకచోట చేరి కొంచెం దూరం వెళుతుంది. తేడా నిజమే, కానీ ఆయుష్షు తగ్గుతుంది. మామూలు బల్బు కొన్నేళ్ళు వస్తే, ఇది రోజూ రాత్రి నడిపేవాళ్ళకి ఏడాదికే మార్చాల్సి రావచ్చు.

వాట్లు: మన దగ్గర 60/55 బల్బు తీసేసి 100/90 వేయించుకోవడం చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఇక్కడి కార్లకి అది చేయకండి. ఇప్పటి హెడ్‌లైట్ల లోపల చాలా భాగం ప్లాస్టిక్. ఆ వేడికి హోల్డర్ కరుగుతుంది, రిఫ్లెక్టర్ మెరుపు పోతుంది, వైరు మాడుతుంది.

చట్టం సంగతి

అమెరికాలో హెడ్‌లైట్లకి ఫెడరల్ మోటార్ వెహికల్ సేఫ్టీ స్టాండర్డ్ నంబర్ 108 అని ఒక రూల్ ఉంది. దాని ప్రకారం హాలోజెన్ కోసం చేసిన లైట్‌లో ఆ రకం హాలోజెన్ బల్బే ఉండాలి. దాని బదులు పెట్టుకునే ఎల్ఈడీ బల్బులు రోడ్డు మీద వాడకానికి ఈ రూల్‌కి సరిపోవు. నేను కొన్న డబ్బా వెనక్కి తిప్పి చూస్తే, చీమ తలకాయంత అక్షరాల్లో "ఆఫ్ రోడ్ వాడకానికి మాత్రమే" అని ఉంది. ముందు వైపు పెద్ద అక్షరాల్లో 20,000, వెనక ఈ మాట.

యూకేలో ఉన్నవాళ్ళకి ఇది ఇంకా సూటిగా తగులుతుంది. హాలోజెన్ హెడ్‌లైట్‌లో ఎల్ఈడీ బల్బు పెట్టిన కారు అక్కడ ఏటా చేసే ఎంఓటీ పరీక్షలో ఫెయిల్ అవుతుంది.

ఒక తేడా మాత్రం గుర్తుంచుకోండి. కంపెనీ నుంచే ఎల్ఈడీ హెడ్‌లైట్లతో వచ్చిన కార్లకి ఈ ఇబ్బంది లేదు. వాటి రిఫ్లెక్టర్, లెన్స్ అన్నీ ఆ చిప్పుకి తగ్గట్టే చేసినవి. హాలోజెన్ ఇంట్లో ఎల్ఈడీని కాపురం పెట్టడమే తప్పు.

అసలు మా కారులో లోపం ఎక్కడుంది?

ఎల్ఈడీలు తీసేశాక తీరిగ్గా చూస్తే మూడు విషయాలు బయటపడ్డాయి.

మొదటిది, హెడ్‌లైట్ గ్లాసు. మనం గ్లాసు అంటాం కానీ అది పాలికార్బొనేట్ అనే ప్లాస్టిక్. దాని మీదుండే రక్షణ పూత ఎండకి కొన్నేళ్ళలో పాడై, గ్లాసు పసుపు రంగుకి తిరిగి మసకబారుతుంది. మా క్యామ్రీ రోజంతా బయట ఎండలో ఉండేదే. ఇక్కడి ఆటోమొబైల్ అసోసియేషన్, అందరికీ తెలిసిన ట్రిపుల్ ఏ, 2018లో పరీక్షించి చెప్పింది: బాగా మసకబారిన హెడ్‌లైట్ నుంచి బయటికి వచ్చే వెలుగు కొత్తదాంతో పోలిస్తే సుమారు ఐదో వంతు. మిగతాదంతా లోపలే ఆగిపోతుంది, లేదా చెల్లాచెదురవుతుంది. ఇలాంటి గ్లాసు వెనక ఏ బల్బు పెట్టినా ఏం లాభం?

విడిభాగాల షాపుల్లో దొరికే పాలిష్ కిట్ ఒకటి తెచ్చాను. పాతిక డాలర్ల లోపే. గరుకు కాగితంతో మొదలుపెట్టి నున్నటి దాకా నీళ్ళతో రుద్ది, చివర పాలిష్ పెట్టాలి. ఒక శనివారం మధ్యాహ్నం పట్టింది. ఆఖర్న యూవీ పూత వేయడం మర్చిపోకండి. అది లేకపోతే కొన్ని నెలల్లోనే మళ్ళీ పసుపెక్కుతుంది. గ్లాసు లోపలి వైపు మసకగా ఉన్నా, రిఫ్లెక్టర్ మెరుపు పోయినా పాలిష్‌తో పని జరగదు, మొత్తం లైటే మార్చుకోవాలి.

రెండోది, లైటు చూసే దిక్కు. ఇది నేను ఊహించలేదు. రెండేళ్ళ క్రితం పార్కింగ్‌లో ఎవరో తగిలితే ముందు బంపర్ మార్పించాం. అప్పటి నుంచి కుడి లైటు నేల చూపులు చూస్తోంది. సమతలంగా ఉన్న చోట గోడకి 25 అడుగుల దూరంలో కారు నిలిపి, లో బీమ్ వేసి చూడండి. వెలుగుకి పైన ఒక అంచు కనబడుతుంది. ఆ అంచు హెడ్‌లైట్ ఎత్తుకి కాస్త కిందుగా ఉండాలి. ఎంత కిందుగా అన్నది లైటు రకాన్ని బట్టి ఉంటుంది, మీ కారు మాన్యువల్ చూడండి.

ఆ కొంచెం తేడా ఎంత పని చేస్తుందో లెక్క వేసి చూపిస్తాను. హెడ్‌లైట్ నేల నుంచి 27 అంగుళాల ఎత్తులో ఉందనుకోండి. 25 అడుగుల దూరంలో అంచు 3 అంగుళాలు దిగితే, ఆ గీత నేలని తాకేది 225 అడుగుల దగ్గర. అదే 6 అంగుళాలు దిగితే 112 అడుగుల దగ్గరే ఆగిపోతుంది. గోడ మీద మూడంగుళాలు, రోడ్డు మీద సగం చూపు. పైకి లేచిందా, ఎదుటివాడికి గుడ్డితనం. హెడ్‌లైట్ వెనక స్క్రూ ఒకటి ఉంటుంది, దాన్ని తిప్పి సరిచేయొచ్చు. చేతకాకపోతే మెకానిక్‌కి పది నిమిషాల పని. కారు వెనక బరువు లేకుండా, టైర్లలో గాలి సరిగ్గా ఉన్నప్పుడు చూడాలి.

మూడోది, బల్బు వయసు, దానికి అందే కరెంటు. హాలోజెన్ బల్బు పోయేదాకా ఒకేలా వెలగదు, మెల్లగా డల్ అవుతుంది. ఓల్టేజీ తేడా అంతకన్నా పెద్దది. బల్బుకి అందే ఓల్టేజీ పది శాతం తగ్గితే వెలుగు సుమారు ముప్ఫై శాతం తగ్గుతుంది. తుప్పు పట్టిన కనెక్టర్, వదులైన ఎర్త్ వైరు ఉంటే ఎంత మంచి బల్బైనా దండగే. మా దాంట్లో ఎడమ వైపు కనెక్టర్ కాస్త పచ్చబడి ఉంది, శుభ్రం చేస్తే సరిపోయింది.

ఇవి అయ్యాక కొత్త హెచ్11 బల్బుల జత వేశాను. నీలి పూత లేనివి, పేరున్న కంపెనీవి, మామూలు రకం. రెండూ ఒకేసారి మార్చాలి. బల్బు గాజుని వేళ్ళతో ముట్టుకోకండి. చేతి జిడ్డు అంటిన చోట వేడి ఎక్కువై బల్బు త్వరగా పోతుంది. ముట్టుకుంటే స్పిరిట్‌తో తుడవండి. చివరగా ముందు అద్దాన్ని లోపలి వైపు కూడా తుడిచాను. ఆ సన్నటి పొర వల్లే ఎదురు లైట్లు ఇంతింతై కనబడేవని అప్పుడు తెలిసింది.

అన్నీ కలిపి ఖర్చు ఆ ఎల్ఈడీల ధర కన్నా తక్కువే అయింది. ఆ వారం అమ్మాయి నడుపుతూ, "నాన్నా, కొత్త కారులా ఉంది" అంది.

ఏ బల్బు కొనాలి?

ఒక్క మాటలో చెప్పాలంటే ఇదీ వరస. ముందు గ్లాసు, తర్వాత దిక్కు, ఆ తర్వాత కనెక్టర్, చివర బల్బు. మాన్యువల్‌లో రాసిన రకం బల్బే కొనండి. ఊళ్ళో దీపాల కింద తిరిగేవాళ్ళకి ఎక్కువ కాలం వచ్చే మామూలు రకం చాలు. రోజూ చీకటి రోడ్ల మీద వెళ్ళేవాళ్ళు, నీలి పూత తక్కువగా ఉన్న "ఎక్కువ వెలుగు" హాలోజెన్ తీసుకోండి, కానీ ఏడాదికోసారి మార్చాలని మనసులో పెట్టుకోండి.

ఇంకా చాలకపోతే బల్బుతో కాదు, కారుతోనే పని. ఇన్సూరెన్స్ ఇన్‌స్టిట్యూట్ ఫర్ హైవే సేఫ్టీ 2016 నుంచి హెడ్‌లైట్లకి రేటింగ్ ఇస్తోంది. మొదటిసారి 31 మిడ్‌సైజ్ కార్లు పరీక్షిస్తే "గుడ్" వచ్చింది ఒక్కదానికే. ఇప్పుడు పరిస్థితి చాలా మెరుగు. ఒకే మోడల్‌లో ట్రిమ్‌ని బట్టి కూడా రేటింగ్ మారుతుంది. పిల్లలకి కారు కొనేటప్పుడు మైలేజీతో పాటు ఇదీ చూడండి.

ఎంత మంచి లైటైనా

గంటకి 60 మైళ్ళ వేగంతో వెళ్ళే కారు సెకనుకి 88 అడుగులు పోతుంది. మనం చూసి, బ్రేకు నొక్కి, బండి ఆగేసరికి పొడి రోడ్డు మీదే దాదాపు 300 అడుగులు అవుతుంది. మామూలు లో బీమ్‌లో ముదురు బట్టలు వేసుకున్న మనిషి అంత దూరం నుంచి కనబడడు. అందుకే ఎదురుగా ఎవరూ లేనప్పుడు హై బీమ్ వేయడానికి మొహమాటపడకండి. అది ఉన్నదే అందుకు. చాలా రాష్ట్రాల్లో ఎదురు బండి 500 అడుగుల్లోకి రాగానే దించేయాలి. మన లారీల వెనక రాసే "యూజ్ డిప్పర్ ఎట్ నైట్" ఇక్కడా చట్టమే.

వయసు సంగతీ మరవకండి. ఇరవై ఏళ్ళ కంటితో పోలిస్తే అరవై ఏళ్ళ కంటిలో రెటీనా దాకా చేరే వెలుగు మూడో వంతే. నలభై దాటిన మనం, రాత్రి కనబడట్లేదంటే బల్బు కన్నా ముందు కళ్ళ డాక్టర్ దగ్గరికి వెళ్ళాలేమో.

మరో మాట. చలికాలం సాయంత్రాలు మన కాలనీల్లో నడకకి వెళ్ళేది ఎక్కువగా ఊరి నుంచి వచ్చిన మన అమ్మానాన్నలే. కాలిబాట లేని చోట ఎదురొచ్చే బండ్లు కనబడేలా రోడ్డుకి ఎడమ పక్కన నడవమని చెప్పండి. మెరిసే పట్టీలున్న జాకెట్ ఒకటి కొనిపెట్టండి, పది పదిహేను డాలర్లకి వస్తుంది. ఖమ్మం అంకుల్‌కి నేనే ఒకటి తీసుకెళ్ళి ఇచ్చాను. "ఇది వేసుకుంటే రోడ్డు పని చేసే మేస్త్రీలా ఉన్నానయ్యా" అని నవ్వారు. కానీ రోజూ వేసుకునే వెళ్తున్నారు. మొన్న రాత్రి మా అమ్మాయి నడుపుతుంటే, మలుపు తిరగ్గానే ఆ పట్టీలు దూరం నుంచే మెరిశాయి. తను కాలు బ్రేకు మీద పెట్టి, లైట్లు దించి, మెల్లగా పక్క నుంచి వెళ్ళింది. ఆయన చెయ్యి ఊపారు.